ఫోన్‌తో కొలిస్తే చెల్లుతుందా? భూమి కొలతలో ఎవరి లెక్కకు ఎంత విలువ

నల్లగొండ పక్కన పానగల్‌లో ఉదయసముద్రం చుట్టూ భూములున్న రైతులు ఇప్పుడు రెండు లెక్కల మధ్య ఉన్నారు. పాసుపుస్తకం ఎకరాలు, గుంటల్లో మాట్లాడుతుంది. పట్టణం దగ్గరికొచ్చేసరికి కొనేవాడు గజాల్లో మాట్లాడుతున్నాడు. గుంటకు 121 గజాలు. అరగుంట తేడా వచ్చినా అరవై గజాలు పోయినట్టే. పత్తి చెలకగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోని తేడా ఇది. వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్‌లో గజాల గొడవ ఇంకా ఇంత లేకపోవచ్చు గాని, గెట్టు పంచాయితీలు అక్కడా ఉన్నాయి. ఇక్కడ రాసింది రెండు ఊళ్ల రైతులకూ పనికొస్తుంది.

ఈ మధ్య రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. ఒకటి, ఫోన్ చేతిలో పట్టుకొని చేను చుట్టూ నడిస్తే విస్తీర్ణం చెప్పే ఆప్‌లు ఊరూరా చేరాయి. రెండోది, ప్రభుత్వ సర్వేయర్లకు తోడు ప్రైవేటుగా పనిచేసే లైసెన్స్‌డ్ సర్వేయర్లు వచ్చారు. 2025 మే నెలాఖరు నుంచి శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, అక్టోబర్ 19న హైదరాబాద్ శిల్పకళావేదికలో 3,400 మందికి పైగా లైసెన్స్‌లు ఇచ్చారు. దీంతో రైతులు అడిగే ప్రశ్నలు కూడా మారాయి. ఫోన్ కొలత ఆఫీసులో చెల్లుతుందా? లైసెన్స్ ఉన్నాయన గీసిన పటం పక్క రైతు ఒప్పుకోవాల్సిందేనా? సర్వేకు డబ్బు కట్టే ముందు సొంతంగా కొలుచుకోవడం తప్పా?

తప్పు కాదు. అసలు మొదట చేయాల్సిన పనే అది.

మీ చేను మీరు కొలుచుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు

మ్యాప్‌లు, లొకేషన్ వివరాలు తయారు చేసే విషయంలో దేశంలో చాలాకాలం అనుమతుల వ్యవహారం నడిచింది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కొత్త మార్గదర్శకాలు ఇచ్చి దాన్ని చాలావరకు ఎత్తేసింది. భారతీయ పౌరులు, సంస్థలు కొలతలు తీసుకోవడానికి, పటాలు తయారు చేసుకోవడానికి ముందస్తు అనుమతి, లైసెన్స్ అవసరం లేదు. ఒక మీటరు కంటే సూక్ష్మంగా ఉండే పటాలను విదేశీ కంపెనీలు మాత్రం సొంతంగా తయారు చేయకూడదు. ఇక్కడి సంస్థల దగ్గర లైసెన్స్ తీసుకొని వాడుకోవాలి. అంటే టేపుతోనో, తాడుతోనో, ఫోన్‌తోనో మీ చేను మీరు కొలుచుకుంటే అడిగేవారు లేరు.

డ్రోన్ సంగతి వేరు. దానికి 2021 డ్రోన్ నిబంధనలు ఉన్నాయి. 250 గ్రాముల లోపు బుల్లి డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డబ్బు తీసుకొని పెద్ద డ్రోన్‌తో సర్వే చేస్తానని వచ్చినవారికి మాత్రం రిమోట్ పైలట్ సర్టిఫికెట్, డ్రోన్‌కు గుర్తింపు నంబరు ఉండాలి. ఆ రెండూ చూపించమనండి. చూపించకపోతే పంపేయండి.

అయితే కొలుచుకునే స్వేచ్ఛ వేరు, ఆ కొలతకు విలువ వేరు. చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. మీ కొలత మీ సమాచారం కోసం. దానితో పక్క రైతును కట్టడి చేయలేరు, తహసీల్దారు దగ్గర రికార్డు మార్చలేరు. ఆప్ వాళ్లు కూడా ఈ మాటే చెబుతారు, కాకపోతే మనం చదవకుండా ‘ఒప్పుకుంటున్నాను’ అని నొక్కే షరతుల్లో చెబుతారు. కొలత కచ్చితత్వానికి హామీ లేదని, న్యాయపరమైన అవసరాలకు వాడొద్దని, తేడా వస్తే బాధ్యత తమది కాదని ఈ రకం ఆప్‌ల షరతుల్లో సాధారణంగా ఉంటుంది. ఉచితమని చెప్పి, పటాన్ని ఫైలుగా దింపుకునేటప్పుడు డబ్బు అడిగేవి ఉన్నాయి. మీ చేను లొకేషన్ వాళ్ల సర్వర్లో నిలవ ఉంటుందా, ఇతరులకు ఇస్తారా అన్నది కూడా ఆ షరతుల్లోనే ఉంటుంది. ఇంట్లో చదువుకున్న పిల్లలుంటే ఒకసారి చదివించండి.

ఫోన్ ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

మామూలు ఫోన్‌లోని జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే చోట కూడా సుమారు 5 మీటర్ల వరకు అటూ ఇటూ చూపిస్తుంది. చెట్ల కింద, గుట్ట పక్కన, కరెంటు తీగల దగ్గర ఇంకా తేడా రావచ్చు. ఎకరం చదరంగా ఉంటే ఒక్కో వైపు 64 మీటర్లకు కాస్త తక్కువ. అందులో ఒక గెట్టు ఒక్క మీటరు పక్కకు జరిగితేనే 64 చదరపు మీటర్లు, అంటే అరగుంటకు పైనే మారిపోతుంది. గుంట అంటే మొత్తం 101 చదరపు మీటర్లే.

ఇక్కడో చిన్న మెలిక ఉంది. ఫోన్ ఒక చోట మూడు మీటర్లు తూర్పుకు చూపిస్తే, అదే పది నిమిషాల్లో మిగతా మూలల్లో కూడా దాదాపు తూర్పుకే చూపించే అవకాశం ఎక్కువ. బొమ్మ మొత్తం పక్కకు జరుగుతుంది గాని ఆకారం పెద్దగా చెడదు. అందుకే విస్తీర్ణం ఫర్వాలేదనిపిస్తుంది, హద్దు మాత్రం తప్పుతుంది. రెండెకరాల చేనుకు ఎన్ని పత్తి విత్తనాల ప్యాకెట్లు కావాలి, ట్రాక్టర్ దున్నకానికి ఎంత ఇవ్వాలి, మందు కొట్టే డ్రోన్ వాడు ఎన్ని ఎకరాలని బిల్లు వేశాడు, ఇలాంటి వాటికి ఫోన్ కొలత చాలు. రెండు రోజులు, వేర్వేరు వేళల్లో కొలిచి పోల్చుకుంటే ఇంకా మంచిది. గెట్టు జానెడు జరిగిందా, మూరెడు జరిగిందా అన్న తగాదాలో ఫోన్ తీస్తే మాత్రం తగాదా పెరుగుతుందే గాని తీరదు.

సర్వే శాఖ వాడే డీజీపీఎస్, రోవర్ పరికరాలు వేరే. అవి స్థిరంగా ఉన్న ఇంకో కేంద్రం నుంచి దిద్దుబాటు తీసుకొని సెంటీమీటర్లలో చెబుతాయి. పేరులో జీపీఎస్ ఉంది కదా అని రెండూ ఒకటే అనుకోవద్దు.

‘నాలుగు దిక్కులూ కలిపి సగం’ లెక్కతో మోసం

ఫోన్ కంటే పాతది, ఫోన్ కంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఇంకో లెక్క ఉంది. ఊళ్లలో నాలుగు వైపులా టేపు పెట్టి, ఎదురెదురు గెట్లను కలిపి సగం చేసి, ఆ రెండు సగాలను హెచ్చవేస్తారు. కౌలు, గుత్త దున్నకం, చివరికి బయానా కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. చేను నాలుగు మూలలూ మట్టంగా ఉంటేనే ఇది సరిగ్గా వస్తుంది. మూల ఏమాత్రం వంగినా ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. అంటే కొనేవాడు, కౌలుకు తీసుకునేవాడు లేని భూమికి డబ్బు కడుతున్నాడు.

ఒక చేను నాలుగు గెట్లూ 210 అడుగులు అనుకోండి. 210ని 210తో హెచ్చవేస్తే 44,100 చదరపు అడుగులు. గుంటకు 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు, అంటే 1,089 చదరపు అడుగులు కాబట్టి ఇది 40 గుంటల పైచిలుకు. ఎకరం నిండింది అంటారు. ఇప్పుడు ఎదురు మూలల మధ్య టేపు పట్టండి. నిజంగా చదరమైతే ఆ పొడవు 297 అడుగులు రావాలి. 252 అడుగులే వచ్చిందనుకుందాం. అంటే చేను కాస్త పక్కకు వాలి ఉంది. అప్పుడు అసలు విస్తీర్ణం 42,336 చదరపు అడుగులు, సుమారు 38 గుంటల 14 అణాలు. గుంటన్నరకు పైగా ఎగిరిపోయింది. కంటికి మాత్రం చదరంగానే కనిపిస్తుంది.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. ఒక మూల నుంచి ఎదురు మూలకు తాడు బిగించి కట్టండి. మిగిలిన రెండు మూలల నుంచి ఆ తాడుకు మట్టంగా ఎంత దూరమో కొలవండి. ఆ రెండు దూరాలనూ కలిపి, తాడు పొడవుతో హెచ్చవేసి, సగం చేయండి. పై చేనులో తాడు 252, రెండు దూరాలూ 168 చొప్పున 336. ఈ రెంటినీ హెచ్చవేసి సగం చేస్తే 42,336. గెట్టు వంపు తిరిగి ఉంటే చేనును ఇంకా ఎక్కువ ముక్కోణాలుగా విడగొట్టుకోవాలి. గుడ్డ టేపు లాగితే సాగుతుంది, స్టీలు టేపు వాడండి.

ఇదేదో కొత్తగా కనిపెట్టింది కాదు. నిజాం కాలపు సర్వేలో 33 అడుగుల గొలుసుతో, మధ్యగీత పట్టి దాని నుంచి అటూ ఇటూ దూరాలు కొలిచి టిప్పన్లు గీశారు. ఆ గొలుసుకు పదహారు అణాలు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉంటే గుంట. అంతకుముందు కాకతీయుల కాలపు శాసనాల్లో భూమిని గడలతో కొలిచి మర్తురుల్లో లెక్క చెప్పారు. కొలత ఎప్పుడూ ఉంది, ఎవరి గడ, ఎంత పొడవు అన్నదే ఎప్పటికీ తగాదా.

పటం ఎందుకు అంత ముఖ్యమైంది

2017లో మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన కాగితాల మీద జరిగింది, చేలల్లో గొలుసు పడలేదు. 2020 అక్టోబర్ 29న ధరణి ఆ కాగితాల మీదే నిలబడింది. అందువల్ల పాసుపుస్తకంలో ఎంత ఉందో తెలుసు, అది నేల మీద ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్నది చాలామందికి కాగితం మీద లేదు. ఆ స్థానంలో వచ్చిన భూ భారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లో ఉంది. అమ్మకాలు, పంపకాలు రిజిస్టర్ చేసేటప్పుడు సర్వే పటం జత చేసే ఏర్పాటు అందులో ఉంది. అది ఏ తేదీ నుంచి తప్పనిసరి అన్నది ప్రభుత్వం నోటిఫై చేస్తుంది. స్లాట్ బుక్ చేసుకునే ముందు మీ తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. లైసెన్స్‌డ్ సర్వేయర్లను తీసుకొచ్చింది కూడా ఈ పని కోసమే. ఇన్ని పటాలు గీయడం ఉన్న ప్రభుత్వ సర్వేయర్లతో అయ్యే పని కాదు.

ఇక్కడే చిన్న రైతు జాగ్రత్త పడాల్సిన అసలు విషయం ఉంది. తెలంగాణలో చాలా సర్వే నంబర్లలో పాసుపుస్తకాలన్నీ కలిపితే వచ్చే విస్తీర్ణం, సేత్వార్‌లో ఉన్న మూల విస్తీర్ణం కంటే ఎక్కువ. ఆఫీసులో దీన్ని ఆర్‌ఎస్‌ఆర్ తేడా అంటారు. ఉదాహరణకు ఒక నంబరు సేత్వార్ ప్రకారం 12 ఎకరాలు. అన్నదమ్ముల పంపకాలు, సాదాబైనామాలు, రాతలో తప్పులు కలిసి ఐదు కుటుంబాల పుస్తకాలు 12 ఎకరాల 20 గుంటలు అయ్యాయి. భూమి పెరగలేదు, కాగితం పెరిగింది. ఆ 20 గుంటల లోటు ఎవరో ఒకరు మోయాలి.

పటం లేనన్నాళ్లూ ఆ లోటు ఎవరిదీ కాదు. ఒకరు ముందుగా సర్వేయర్‌ను పిలిపించి తన పుస్తకంలో ఉన్నంత నిండుగా పటం గీయించుకొని అమ్మేస్తే, ఆయన వాటా లోటు మిగతా నలుగురి మీద పడుతుంది. తర్వాత ఇంకొకరు అదే చేస్తే ముగ్గురి మీద. చివరికి మిగిలేది బయట పనికి పోయినాయనో, భర్త పోయిన ఆడమనిషో, కోర్టుకు తిరగలేని ముసలాయనో. ముందు గీయించుకున్నవారు మోసం చేశారని కాదు, వాళ్ల పుస్తకంలో ఉన్నదే వాళ్లు అడిగారు. కానీ తప్పు లెక్క పంచుకోవాల్సిన చోట వరుస క్రమం మీద పడిపోతోంది. ఈ ప్రమాదం గురించి ఊళ్లలో ఎంత మాట్లాడుకోవాలో అంత మాట్లాడుకోవడం లేదు.

అందుకని పక్క పట్టాదారు పటం గీయిస్తున్నాడని తెలిస్తే, నాకేం సంబంధం అని ఊరుకోవద్దు. నోటీసు వస్తే ఆ రోజు చేను దగ్గర ఉండండి. ఉండలేకపోతే నమ్మకమైన మనిషిని పంపి, మీ అభ్యంతరం రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. పంచనామాలో రాసింది చదివించుకోకుండా వేలిముద్ర వేయవద్దు. సాధ్యమైతే నంబరులో ఉన్నవారంతా కలిసి ఒకేసారి కొలిపించుకోండి. లోటు ఉంటే ఎవరి వాటాకు తగ్గట్టు వారు తగ్గించుకునేలా ముందే మాట అనుకొని కాగితం రాసుకోండి. ఖర్చు కూడా పంచుకోవచ్చు. లోటని మొదట కనిపించింది బండ, వాగు కింద పోయిన పోట్ ఖరాబు కావచ్చు, దాన్ని సాగు విస్తీర్ణంలో కలిపి లెక్కపెట్టారేమో చూడండి.

గుంటల తేడా అమ్మకం రోజే కాదు, ఏటా తగులుతుంది. రైతుభరోసా సీజనుకు ఎకరానికి 6,000 రూపాయలంటే గుంటకు 150. పత్తిలో 2025 కొనుగోళ్లప్పుడు సీసీఐ ఎకరానికి 7 క్వింటాళ్లే అన్న పరిమితి పెట్టింది, గుంటకు పదిహేడున్నర కిలోలు. రికార్డులో తగ్గిన ప్రతి గుంట ఇలా లెక్కకు వస్తుంది. అందువల్ల కొందరు అసలు సర్వేయే వద్దంటున్నారు. ఆ భయం అర్థమయ్యేదే. కానీ మీరు వద్దనుకున్నా మీ నంబరులో ఇంకొకరు కొలిపిస్తారు.

లైసెన్స్ ఉన్నంత మాత్రాన ఏమేం చేయలేరు

లైసెన్స్‌డ్ సర్వేయర్ కొలవగలడు, పటం తయారు చేయగలడు. యాజమాన్యం ఎవరిదో తేల్చలేడు. పక్క రైతు హద్దురాయి పీకి జరపలేడు. పాసుపుస్తకంలో విస్తీర్ణం మార్చలేడు. రికార్డు దిద్దడం రెవెన్యూ అధికారుల పని. ధరణిలో లేని అప్పీలు వ్యవస్థ భూ భారతిలో మళ్లీ వచ్చింది కాబట్టి తహసీల్దారు ఉత్తర్వు నచ్చకపోతే పై అధికారి దగ్గరకు వెళ్లే దారి ఉంది. హక్కు తగాదాలు సివిల్ కోర్టువి.

ఎవరైనా సర్వేయర్‌నని వస్తే లైసెన్స్ పత్రం, గుర్తింపు కార్డు చూపించమనండి. అనుమానం ఉంటే జిల్లా సర్వే, భూ రికార్డుల ఏడీ కార్యాలయంలో ఆ పేరు సరిచూసుకోండి. ఎంత తీసుకుంటారో ముందే అడిగి, రసీదు తీసుకోండి. ఆయన గీసిన పటాన్ని మండల సర్వేయర్ పరిశీలించారా అని అడగండి. కొలత ఎక్కడి నుంచి మొదలుపెట్టారన్నది అన్నిటికంటే ముఖ్యం. పాత హద్దురాయి నుంచో, టిప్పన్‌లో గుర్తించిన మూల నుంచో కాకుండా ఇప్పుడున్న గెట్టు నుంచే మొదలుపెడితే, గెట్టు జరిగిన తప్పు అంతా పటంలోకి ఎక్కుతుంది. పరికరం ఎంత ఖరీదైనదైనా మొదటి రాయి తప్పయితే మిగతాదంతా తప్పే. సర్వేయర్ రాకముందే ఏడీ కార్యాలయం నుంచి టిప్పన్, సేత్వార్ నకళ్లు తెచ్చిపెట్టుకోండి. హద్దుల తగాదా ఉంటే మీసేవలో ఎఫ్‌లైన్ దరఖాస్తు పెట్టి ప్రభుత్వ సర్వేయర్‌తోనే కొలిపించుకోవడం మేలు.

టిప్పన్, నక్ష అసలే లేని ఊళ్లు కూడా ఉన్నాయి. రాష్ట్రంలో అలాంటి 413 గ్రామాల్లో ఐదింటిని ఎంచుకొని 2025లో ప్రయోగాత్మకంగా రీసర్వే చేపట్టారు. అందులో మన పాలమూరు వైపు గండీడ్ మండలం సలార్‌నగర్ ఒకటి. అక్కడ పోల్చుకోవడానికి పాత గీత లేదు, సాగులో ఉన్న హద్దులు, ఇరుగుపొరుగు ఒప్పుకోలు, యంత్రం కొలత మాత్రమే ఆధారం. అటువంటి ఊళ్లో రైతు చేను దగ్గర లేకపోతే ఆయన తరఫున మాట్లాడే కాగితం ఏదీ ఉండదు.

కొలిపించుకోవడానికి పత్తి కట్టె పీకేశాక, వానలకు ముందు ఎండాకాలం మంచిది. గెట్లు, రాళ్లు కనిపిస్తాయి, టేపు నేలకు ఆనుతుంది. ఆ లోపు తాడు పట్టి మీ లెక్క మీరు వేసుకొని, తేదీతో ఒక నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. మూలల్లో ఉన్న హద్దురాళ్ల ఫొటోలు, పక్కన చెట్టో బావో కనిపించేలా తీయండి. సర్వేయర్ లెక్కకు, మీ లెక్కకు గుంట కంటే ఎక్కువ తేడా వస్తే, అక్కడే నిలబెట్టి ఏ గెట్టు దగ్గర తేడా వచ్చిందో చూపించమని అడగండి. పటం మీద సంతకం ఆ తర్వాత.